మూడో మాట

సోమవారం నుంచి శనివారం దాకా నేను అమ్మవారిని. ఆదివారం పొద్దున మాత్రం చర్చిలో పాటలు పాడే క్వయర్‌లో రెండో వరసలో, ఎడమ చివర నిలబడే మనిషిని. రెండు చోట్లా వాడేది ఒకటే గొంతు. ఈ సంగతి రెండేళ్ల పాటు మా చర్చి సంఘంలో ఎవరికీ చెప్పకుండా నెట్టుకొచ్చాను. ఎవరూ అడగలేదు కాబట్టి చెప్పలేదు అని నాకు నేను సర్దిచెప్పుకునేదాన్ని. అడిగి ఉంటే అబద్ధం చెప్పేదాన్నేమో, అదీ ఒప్పుకోవాలి.

నా పని డబ్బింగ్. ఫిల్మ్ నగర్‌లో పెద్ద స్టూడియో దాటాక వచ్చే సందుల్లో ఒక బిల్డింగు సెల్లార్లో మా థియేటర్ ఉంది. థియేటర్ అంటే తెరా, కుర్చీలూ అనుకునేరు. ఓ చిన్న గది, గోడలకి స్పాంజి, ఒక మైకు, ఒక టీవీ, గాజు పలకకి అవతల రికార్డింగ్ ఇంజనీరు. హిందీలో తీసిన పురాణాల సీరియల్ని అక్కడ తెలుగులోకి మారుస్తాం. తెర మీద అమ్మవారు పెదవులు కదిపినంత సేపట్లో నేను తెలుగు మాట సరిగ్గా ఇమిడ్చి చెప్పాలి. కోపం, కరుణ, ఉగ్రరూపం, రాక్షసుడిని పొడిచేటప్పుడు ఊపిరి, అన్నీ నావే. ఒక్క దీవెన దగ్గర మాత్రం మొదట్లో తిప్పలు పడ్డాను. చేతులు కట్టుకుని చెప్తే కూరల బండి దగ్గర బేరమాడుతున్నట్టు వచ్చేది. చివరికి కిటుకు దొరికింది. కుడి అరచెయ్యి ముందుకి పెట్టి, వేళ్లు కలిపి, నిజంగా ఎవరినో దీవిస్తున్నట్టు చెయ్యెత్తితే గొంతు దానంతటదే దిగుతుంది. అప్పట్నుంచీ మైకు ముందు నా చెయ్యి పైకే ఉంటుంది.

మాది గుంటూరు వైపు. నేను బళ్లో చేరకముందే నాన్న ఉద్యోగానికని హైదరాబాద్ వచ్చేశాం. నాన్న పోయాక అమ్మా నేనూ రహమత్ నగర్‌లో మూడో అంతస్తులో ఉంటున్నాం. అమ్మ ముప్ఫై ఏళ్లుగా మా చర్చిలో సండే స్కూలు టీచరు. సంఘంలో సగం మంది చిన్నప్పుడు ఆవిడ చేత చెవి మెలి వేయించుకున్నవాళ్లే. నాకు అమ్మవారి పాత్ర వచ్చిన రోజు ఇంటికొచ్చి చెప్పబోతే అమ్మ చెయ్యి అడ్డం పెట్టింది. ఏ పాత్రో నాకు చెప్పకు, రేపు ఎవరైనా అడిగితే తెలీదని చెప్పడానికి నోరుండాలి కదా అంది. ఆ తరవాత ఆ సీరియల్ ఊసు మా ఇంట్లో ఎప్పుడూ రాలేదు. నేను ఇంటికొచ్చేసరికి టీవీ మూసే ఉండేది. అమ్మ నా పనిని ఓర్చుకుంటోంది, అంతకు మించి ఆశించకూడదు అనుకున్నాను. అప్పుడప్పుడూ మనసుకి కష్టంగానే ఉండేది.

ఆ ఏడు శ్రమల దినాలు, అంటే గుడ్ ఫ్రైడేకి ముందు వచ్చే మా ఉపవాస కాలం, మొదలైన రోజే పాస్టరు గారు ఫోన్ చేశారు. ఆయన కొత్తగా వచ్చినాయన, నాకంటే చిన్నవాడు, సంఘంలో కిటికీలు తెరవాలని ఉబలాటం. గుడ్ ఫ్రైడే నాడు మా చర్చిలో మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా ఆరాధన ఉంటుంది. సిలువ మీద ప్రభువు పలికిన ఏడు మాటల్నీ ఏడుగురు తలా ఒకటి తీసుకుని వివరించి చెప్తారు. నాకు గుర్తున్నంత వరకు ఆ ఏడుగురూ మగవాళ్లే. ఈసారి మూడో మాట మీరు చెప్పాలి సిస్టర్ అన్నారు పాస్టరు గారు.

మూడో మాటంటే సిలువ మీద నుంచి తన తల్లిని ఒక శిష్యుడి చేతిలో పెట్టే మాట. దాని మీద మా అమ్మకి ముప్ఫై ఏళ్ల పేచీ ఉంది. ప్రతి గుడ్ ఫ్రైడే నాడూ ఇంటికొచ్చి చెప్పులు విప్పుతూనే మొదలుపెట్టేది. తల్లి గురించిన మాటని ఎప్పుడు చూసినా మీసాలవాళ్లే చెప్తారు, ఒక్కళ్లకైనా పురిటి నొప్పి తెలుసా అని. అలాంటి మాట నాకు ఇచ్చారని చెప్పగానే ఆవిడ స్టవ్ మీద పాలు పొంగుతున్నా చూసుకోలేదు. మర్నాడే తెల్ల చీర తీసి గంజి పెట్టింది. గుడ్ ఫ్రైడేకి ఇంకా ఆరు వారాలుంది. నేనూ పైకి విసుక్కున్నాను గానీ, లోపల ఉబ్బిపోయాను. అంత మంది ముందు, నా సొంత మొహంతో, నా సొంత మాట చెప్పడం నాకు అప్పటిదాకా దొరకలేదు మరి. గొంతు ఎప్పుడూ ఎవరిదో ఒక మొహం వెనకాలే ఉండేది.

విచిత్రమేంటంటే, ఆ ఏడు మా శ్రమల దినాలు మొదలైనప్పుడే రంజాన్ కూడా మొదలైంది. మా ఇంజనీరు భాయ్ బోరబండ నుంచి బండి మీద వస్తాడు, ఒక్క రోజా ఉపవాసం కూడా వదలడు. మరో రెండు రోజులకి మా రాక్షసరాజు హనుమాన్ మాల వేసుకున్నాడు. రాక్షసరాజంటే సీరియల్లో నా చేతిలో చచ్చే ఆయనకి గొంతిచ్చే పెద్దాయన. భీమవరం మనిషి, ఏళ్ల తరబడి విలన్లకి అరిచీ అరిచీ గొంతు గరుకెక్కినవాడు. మాల వేసుకున్న దగ్గర్నుంచి అందరికీ ఆయన స్వామి. ఆయనకి ఆడవాళ్లందరూ మాతలు. కాబట్టి ఆ నలభై రోజులూ మైకు ముందు నన్ను పాపిష్టిదానా అని తిట్టి, మైకు ఆగగానే, కాస్త పక్కకి జరుగుతారా మాతా అనేవాడు.

అలా ఆ సెల్లార్ గదిలో ముగ్గురం, మూడు రకాల ఉపవాసాలు. భాయ్ మంచినీళ్లు కూడా ముట్టడు. స్వామి మధ్యాహ్నం ఒక్క పూట భిక్ష చేస్తాడు, చెప్పుల్లేకుండా తిరుగుతాడు. నేను పొద్దు వాలేదాకా మంచినీళ్ల మీద ఉంటాను, అది నా మొక్కుబడి. మామూలుగా అయితే ఎవరి ఉపవాసం వాళ్లది. కానీ మా గదిలో మైకు ఉందిగా. ఆ మైకు ఖరీదైంది, చీర చెరుగు కదిలినా పట్టేస్తుంది. మొదటి వారంలోనే, అమ్మవారు దేవతలకి అభయమిస్తున్న పవిత్రమైన క్షణంలో గుర్రుమని ఓ చప్పుడు వచ్చింది. భాయ్ రికార్డింగ్ ఆపి, తెర మీద గీతని పెద్దది చేసి చూపించాడు.

"గీడ చూడక్కా, జర లేచింది. ఇది నీ కడుపే. స్వామిది ఇంకా లావు ఉంటది" అన్నాడు.

అప్పట్నుంచీ అదో కాలక్షేపం. ఏ గుర్రు ఎవరిదో భాయ్ కళ్లు మూసుకుని చెప్పేవాడు. తన కడుపు కూడా కూస్తోందని, అయితే అది గాజు పలకకి అవతల ఉంది కాబట్టి బతికిపోయిందని నవ్వేవాడు. అసలు కష్టం విందు సీను వచ్చినప్పుడు ఎదురైంది. రాక్షసరాజు లడ్లు కుక్కుకుంటూ మాట్లాడాలి. అలాంటి వాటికి మేం నోట్లో బిస్కెట్టో బ్రెడ్డో పెట్టుకుని చెప్తాం, లేకపోతే నమిలే చప్పుడు రాదు. స్వామి వేళ కాని వేళ తినడు. భిక్ష వేళకి మైకు పెట్టుకుందాం, అన్నం నోట్లో పెట్టుకుని చెప్పెయ్ స్వామీ అని నేను ఐడియా ఇచ్చాను. భిక్ష అన్నం రాక్షసుడి నోట్లో పెట్టనన్నాడాయన. చివరికి మెడలో ఉన్న కాషాయ కండువా కొస మడిచి నోట్లో కుక్కుకుని ఆ విందంతా చెప్పాడు. వింటే నిజంగానే నేతి లడ్డు తిన్నట్టుంటుంది. టీవీలో చూసినవాళ్లకి నోరూరి ఉంటుంది పాపం.

అన్నట్టు భాయ్‌కి ఒక ఫిర్యాదు ఉంది. సీరియల్లో దేవుళ్లు మాట్లాడేది మా కోస్తా తెలుగు, వాళ్ల తెలుగు మాత్రం రాక్షసుల భటులకీ, కామెడీ శిష్యులకీ ఇస్తారు. దేవుళ్లందరూ కృష్ణా గుంటూరులనే ఎట్ల పుట్టిండ్రక్కా అని అడిగేవాడు. ఈ మధ్య నారదుడి చేత కూడా తెలంగాణ మాట పలికిస్తున్నారని, కొంచెం కొంచెంగా పైకి వస్తున్నామని సంతోషపడ్డాడు.

ఇక అసలు తప్పు ఒక ఆదివారం జరిగింది. గుడ్ ఫ్రైడేకి ముందు కాస్త అలవాటవుతుందని పాస్టరు గారు నన్ను బైబిల్ వాక్యం చదవమన్నారు. అంతకు ముందు ఆరు రోజులూ అమ్మవారి విశ్వరూపం ఎపిసోడ్లు చెప్పి చెప్పి ఉన్నాను. ప్రసంగాలు చెప్పే పుల్పిట్ ఎక్కాను. ఎదురుగా మైకు కనిపించింది. అంతే, ఆ మైకు ముందు నిలబడ్డది నేను కాదు. మొదటి వాక్యానికే గొంతు బరువుగా, నిదానంగా దిగింది, మాట చివర ప్రతిధ్వనికి చోటు కూడా వదిలాను. చదవాల్సిన భాగం ఆశీర్వాదంతో ముగుస్తుంది. ఆ మాట దగ్గరికి వచ్చేసరికి నా కుడి అరచెయ్యి దానంతటదే లేచింది.

ముందు వరసలో కూర్చున్న ఒక ముసలావిడ రెండు చేతులూ జోడించింది. మా చర్చిలో వాక్యం చదివినవాళ్లకి ఎవరూ దణ్ణం పెట్టరు. ఆవిడ వెనక ఆడవాళ్ల వరసల్లో ఒక కదలిక కనిపించింది. సంఘ పెద్ద గారి భార్య తల ఎత్తి, నన్ను చూసి, పైట కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అప్పుడు చూసుకున్నాను నా చేతిని. దించి, పుస్తకం మూసి, కిందికి దిగి వచ్చాను.

ఆరాధన అయ్యాక ఒక్కొక్కరే వచ్చి, నీ గొంతు ఎక్కడో విన్నట్టుందే అన్నారు. ఎక్కడ విన్నారో ఒక్కళ్లూ చెప్పలేదు. చెప్తే ఆ సీరియల్ చూస్తున్నామని చెప్పుకున్నట్టే కదా. నాకు ఆ భయంలోనూ నవ్వొచ్చింది. మా ఆడవాళ్లలో సగం మంది నా అభిమానులన్నమాట.

నవ్వు ఆ పూటకే చెల్లింది. సాయంత్రానికల్లా పాస్టరు గారు ఫోన్ చేసి, కొంచెం ఇబ్బంది వచ్చింది సిస్టర్ అన్నారు. ఇబ్బంది సంఘ పెద్ద గారి దగ్గర్నుంచి వచ్చింది. విగ్రహానికి గొంతు ఇచ్చే మనిషి సిలువ మాట ఎలా చెప్తుందని ఆయన అభ్యంతరం. శనివారం కమిటీ కూర్చుంటుంది, మీరు రండి అన్నారు.

సోమవారం థియేటర్‌కి వెళ్లి ఒళ్లు మండిపోతూ ఇదంతా చెప్పాను. అప్పుడే నాకు ఒక సంగతి గుర్తొచ్చింది, దాంతో మంట ఇంకా పెరిగింది. మా చర్చిలో ప్రతి క్రిస్మస్‌కీ ముందు రోజు తెర కట్టి ప్రభువు జీవితం మీద తీసిన ఒక విదేశీ సినిమాని తెలుగు మాటలతో వేస్తారు. సంఘ పెద్ద గారు ప్రతి ఏడూ కళ్లు తుడుచుకుంటూ చూస్తారు. ఆ సినిమాలో ప్రభువుకి తెలుగు గొంతు ఇచ్చింది మా స్వామే. వయసులో ఉన్నప్పుడు చెప్పిన గొంతది. ఇప్పుడు కాషాయ బట్టల్లో, చెప్పుల్లేకుండా, నా ఎదురుగా నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని ఉన్నాడు.

శనివారం ఈ ఒక్క ముక్క చెప్తే చాలు, పెద్దాయన నోరు మూతపడుతుందన్నాను. భాయ్ ఉత్సాహపడి, కావాలంటే పాత రికార్డింగ్ వెతికిస్తానన్నాడు.

"చెప్పకండి మాతా" అన్నాడు స్వామి. "ఆయన ఏడ్చేది నా గొంతుకి కాదు కదండీ. మధ్యలో నన్ను తీసుకెళ్లి నిలబెడితే, వచ్చే క్రిస్మస్‌కి ఆయనకి నేనే కనపడతాను. అది ఆయన దగ్గర్నుంచి లాక్కున్నట్టే."

నాకు నచ్చలేదు. నీదేం పోయింది స్వామీ, పోయేది నా మూడో మాట అన్నాను. అది నిజమే అన్నాడు. ఆ రోజు రాక్షసరాజుని మామూలు కంటే గట్టిగా పొడిచాను, భాయ్ ఒక్క టేక్‌లోనే ఓకే చేశాడు.

శనివారం అమ్మ కూడా వస్తానంది. నువ్వెందుకన్నా వినలేదు. చర్చి పక్క గదిలో కమిటీ వాళ్లు ఆరుగురు కుర్చీల్లో కూర్చున్నారు, నాకో కుర్చీ వేశారు, అమ్మ గుమ్మం దగ్గర స్టూలు మీద కూర్చుంది. సంఘ పెద్ద గారి గురించి ఒక మాట చెప్పాలి. ఆయన చెడ్డవాడు కాదు. జూబ్లీ హిల్స్‌లో ఇల్లు, పెద్ద వ్యాపారం, అయినా నాన్న ఆసుపత్రిలో ఉన్న పద్దెనిమిది రోజులూ రోజూ పొద్దున్నే వచ్చి ప్రార్థన చేసి వెళ్లిన మనిషి. అందుకే ఆయన మీద కోపం తెచ్చుకోవడం కూడా నాకు సరిగ్గా చేతకాలేదు.

నా గొంతు గురించి తన భార్యకి పక్కింటి టీవీ వినపడటం వల్ల తెలిసిందని ఆయన మొదలుపెట్టారు. వాళ్లది నాలుగు వైపులా తోట ఉన్న ఇల్లు, పక్కింటి కుక్క అరిచినా వినపడదు. నేను నేల చూపులు చూశాను. తప్పుగా అనుకోకమ్మా, నీ మీద కోపం లేదు, కానీ ఆ రోజు ఆ మాట పలికే నోరు శుభ్రంగా ఉండాలి అన్నారు. ఇంకా ఇలా అన్నారు: "మనం క్రిస్మస్‌కి వేసుకునే సినిమా చూడు. ఆ గొంతిచ్చినాయన ఎంత ప్రార్థనాపరుడై ఉంటే ఆ మాటలు అలా వస్తాయి? తలుచుకుంటే ఇప్పుడు కూడా..." ఆయన మాట ఆపేసి కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

నా నాలుక చివరి దాకా వచ్చింది. కండువా కొస నమిలి లడ్లు తిన్న ఆ ప్రార్థనాపరుడు ఎక్కడుంటాడో, ఏ మాల వేసుకున్నాడో చెప్పడానికి నోరు తెరిచాను కూడా. ఆయన ఇంకా కళ్లజోడు తుడుచుకుంటూనే ఉన్నారు. ఆ తడి కళ్లు చూసి నాకు చెప్ప బుద్ధి పుట్టలేదు. నోరు మూసుకున్నాను. ఇప్పటికీ చెప్పలేదు. ఇందులో ఎవరి పేరూ రాయకపోవడానికి అదీ ఒక కారణం.

చివరికి కమిటీ తేల్చింది ఒక్కటే. సీరియల్ వదులుకుంటే మూడో మాట నాది, లేకపోతే లేదు. వదలను అన్నాను. అది నా పని, నేర్చుకుని సంపాదించుకున్న పని, సిగ్గుపడాల్సింది అందులో ఏమీ లేదన్నాను. పాస్టరు గారు కాగితం మీద పేర్లు చూసుకుంటూ, అయితే ఎవరు చెప్తారు అన్నారు నీరసంగా.

"నేను చెప్తాను" అంది అమ్మ గుమ్మం దగ్గర్నుంచి.

గది ఒక్కసారిగా తేలికపడింది. టీచరమ్మ గారు చెప్తానంటే కాదనేదెవరు? అందరూ ఆవిడ చేత చెవి మెలి వేయించుకున్నవాళ్లే. సంఘ పెద్ద గారు లేచి, ఇంతకంటే ఏం కావాలమ్మా అన్నారు. నేను మాత్రం ఆ కుర్చీలో అలాగే ఉండిపోయాను. ఆరుగురు కాదన్నప్పుడు కోపమే వచ్చింది. అమ్మ ఆ మాట అన్నప్పుడు ఏడుపొచ్చింది. నా కోసం ఒక్క ముక్క మాట్లాడలేదు సరికదా, నా చేతిలోంచి జారిన దాన్ని వంగి తీసుకుంది.

ఆటోలో ఇద్దరం చెరో వైపూ చూస్తూ ఇంటికొచ్చాం. తరవాత రెండు వారాలూ మా ఇంట్లో అవసరమైన మాటలే నడిచాయి. కూర దించావా, గ్యాస్ కట్టావా, అంతే. భాయ్ వాళ్ల రంజాన్ పండగకి సేమ్యా పాయసంలాంటి షీర్ ఖుర్మా తెచ్చిస్తే, నా ఉపవాసం కాబట్టి సాయంత్రం దాకా దాచుకుని తాగాను, అమ్మకి గ్లాసులో పోసి బల్ల మీద పెట్టాను గానీ పిలవలేదు. అమ్మ నోట్‌బుక్‌లో ఏదో రాసుకునేది, కొట్టేసేది, మళ్లీ రాసేది. మైకు ముందు ఎలా నిలబడాలో నన్ను అడుగుతుందేమోనని చూశాను. అడగలేదు. అడిగితే చెప్పకూడదని నేనూ పంతం పట్టుకుని కూర్చున్నాను.

హనుమాన్ జయంతికి స్వామి కొండగట్టు వెళ్లి మాల తీసి వచ్చాడు. ఆ మర్నాడే గుడ్ ఫ్రైడే. నాకోసం గంజి పెట్టిన తెల్ల చీర అమ్మ కట్టుకుంది. నేను చర్చికి వెళ్లకూడదనుకున్నాను, పన్నెండింటికి మళ్లీ మనసొప్పక వెళ్లి వెనక వరసలో కూర్చున్నాను. రెండు మాటలు అయ్యాయి. ఇద్దరూ బాగానే చెప్పారు, నాకేమీ చెవికెక్కలేదు. పాస్టరు గారు అమ్మని పిలిచారు.

అమ్మకి పుల్పిట్ ఎత్తు ఎక్కువైంది. మైకు నుదురు దగ్గరుంది, కిందికి లాక్కోవడం ఆవిడకి తెలీదు. నా చేతులు దురదపెట్టాయి, లేచి వెళ్లి సర్దాలని. నోట్‌బుక్ తెరిచింది, కాసేపు చూసింది, మూసేసింది. వంటింట్లో నన్ను పిలిచే గొంతుతోనే మొదలుపెట్టింది.

"ఆ తల్లి కింద నిలబడి చూసింది. ఏమీ చెయ్యలేకపోయింది. అంతకు మించి నాకు ఈ మాట గురించి వివరించడం తెలీదు. నాకు తెలిసింది నా గురించి చెప్తాను. ఈ మాట మా అమ్మాయికి ఇచ్చారు, తరవాత వెనక్కి తీసుకున్నారు. ఎందుకో మీ అందరికీ తెలుసు. ఆ సీరియల్ మధ్యాహ్నం రెండింటికి వస్తుంది. నేను రోజూ చూస్తాను. తలుపేసుకుని, పక్కవాళ్లకి వినపడకుండా సౌండు తగ్గించి చూస్తాను. మా అమ్మాయి వచ్చేలోగా కట్టేస్తాను. ఆ దేవత కోసం కాదు. నా కూతురు ఎంత బాగా మాట్లాడుతుందో వినడానికి. రెండేళ్లుగా వింటున్నాను, ఒక్క రోజు కూడా దానికి చెప్పలేదు. మీరేమంటారోనని భయపడి నా బిడ్డని నేనే దాచేశాను. ఆ తల్లి అలా చెయ్యలేదు. అంత మంది తిడుతుంటే, ఉమ్మేస్తుంటే, వాళ్ల మధ్యలోంచి వెళ్లి వాడు నా కొడుకే అన్నట్టు నిలబడింది. నాకు ముప్ఫై ఏళ్లుగా ఈ మాట చెప్పాలని ఉండేది. ఇవాళ చెప్పేదేమీ లేదు. ఆ గొంతు నా కూతురిది. అంతే."

ఆమెన్ అనడం కూడా మర్చిపోయి దిగిపోయింది. పాట మొదలుపెట్టాల్సిన క్వయర్ పుస్తకాలు పట్టుకుని చూస్తూ ఉండిపోయింది. ముందు వరసలో సంఘ పెద్ద గారు తలవంచుకుని కూర్చున్నారు. ఆడవాళ్ల వైపు ఆయన భార్య లేచి నిలబడి, అమ్మ పక్కనుంచి వెళ్తుంటే చెయ్యి పట్టుకుని వదిలింది.

అమ్మ ముందు వరసలో తన చోటుకి వెళ్లలేదు. నడుచుకుంటూ వెనక్కి వచ్చి నా పక్కన కూర్చుంది. నేను బాహాటంగానే ఏడుస్తున్నాను, దాచుకోవడానికి కొంగు కూడా అడ్డం పెట్టుకోలేదు. ఆ రెండు వారాలూ ఆవిడని ఏమేమి అనుకున్నానో అన్నీ గుర్తొచ్చి సిగ్గేసింది. క్షమించమని అడగాలనుకున్నాను, ఇన్ని గొంతులు పలికించే నాకు ఒక్కటీ రాలేదు. అమ్మ పైట సర్దుకుని, నోట్‌బుక్ సంచిలో పెట్టుకుని, నా వైపు వంగింది.

"మైకులో సరిగ్గా వినపడ్డానా?" అని అడిగింది.

"వినపడ్డావమ్మా" అన్నాను.